కథలో ముఠాకు పేరు పెట్టేముందు

ఈ మధ్య మన యువ రచయితలు సాహస కథలు రాస్తున్నారు. గుర్రాలు, తుపాకులు, కొండ కనుమలు, దాచిపెట్టిన బంగారం, రాత్రిపూట ఊరిమీద పడే దొంగల దండు. సినిమాల్లో చూసిన అమెరికా కౌబాయ్ కథను మన గుట్టల్లోకి, మన వాగుల్లోకి తెచ్చుకుంటున్నారు. ఇది మంచి పనే. ఆదివాసీ కలం పడితే కష్టాల కథలే రాయాలని ఎవరూ చట్టం చేయలేదు. మేము హైదరాబాద్ పాతబస్తీలో సర్కారు బడి పిల్లలకు చదువు చెప్పే ఆదివాసీ టీచర్లం. పిల్లలు ఏ కథకు చెవులు రిక్కిస్తారో మాకు రోజూ కనబడుతుంది. దొంగల దండు వచ్చే కథ చదివితే వెనక బెంచీ కూడా కదలదు.

అయితే ఈ కథలన్నిటిలో రచయిత రెండు నిమిషాల్లో తేల్చేసే విషయం ఒకటుంది. అది ముఠా పేరు. నాయకుడి రూపానికి పేజీ రాస్తారు, గుర్రం రంగుకు నాలుగు వాక్యాలు రాస్తారు, ముఠా పేరు మాత్రం చేతికి ఏది తగిలితే అది పెడతారు. చేతికి మొదట తగిలేది ఏదో ఒక జాతి పేరో, బస్తీ పేరో అయి ఉంటుంది. ఆ పేరు చేతికి అంత దగ్గరగా ఎట్లా వచ్చిందన్నదే ఈ వ్యాసం.

మొదట 'ముఠా' అనే మాటనే చూద్దాం. ఇవాళ పేపరు తెరిస్తే ముఠా అంటే దొంగలే. కానీ మార్కెట్లో బస్తాలు మోసే హమాలీల జట్టు కూడా ముఠాయే. 1993లో వచ్చిన చిరంజీవి సినిమా 'ముఠామేస్త్రి'లో మేస్త్రి దొంగల నాయకుడు కాదు, మార్కెట్ కూలీల పెద్ద. ఇంకా వెనక్కి పోతే గోదావరి మన్యంలో ముఠా అంటే కొన్ని ఊళ్ళ కట్ట, దాని పెద్ద ముఠాదారు. 1879లో రంప ప్రాంతం లేచినప్పుడు, కల్లు మీద పన్నుకు, అడవి మీద ఆంక్షలకు, మన్సబుదారు దోపిడీకి ఎదురు తిరిగినవాళ్ళలో ముఠాదార్లు ముందున్నారు. ఆ ముఠాల పద్ధతిని 1969లో రెగ్యులేషన్ తెచ్చి రద్దుచేశారు. పద్ధతి పోయింది, మాట మిగిలింది. మిగిలిన మాటలో ఊళ్ళు లేవు, కూలీలు లేరు, దొంగలే ఉన్నారు.

'ఫితూరీ'కి పట్టిన గతి కూడా అంతే. సర్కారు కాగితాల్లో 1922 నుంచి 1924 దాకా మన్యంలో నడిచిన పోరాటం పేరు రంప ఫితూరీ. అల్లూరి సీతారామరాజు, గాం గంటం దొర, గాం మల్లు దొర నడిపిన తిరుగుబాటు అది. అదే మాట ఇవాళ 'పితూరీ' అయి, తోటివాడి మీద చాడీ చెప్పడం అనే అర్థంలో తిరుగుతోంది. కాబట్టి పేరు అమాయకమైనది కాదు. ఎవరి చేతిలో ఉంటే వాళ్ళ పని చేస్తుంది.

ఇప్పుడు అమెరికా దగ్గరికి పోదాం, మన పిల్లల కథలకు మూలం అక్కడే కాబట్టి. అక్కడి అసలు బందిపోటు ముఠాల పేర్లు చూడండి. జేమ్స్ అన్నదమ్ములు, యంగర్ అన్నదమ్ములు కలిసి బ్యాంకులు, రైళ్ళు దోచారు. వాళ్ళది జేమ్స్-యంగర్ ముఠా. 1892లో కాన్సాస్ రాష్ట్రంలోని కాఫీవిల్ ఊళ్ళో ఒకేసారి రెండు బ్యాంకుల మీద పడి దెబ్బతిన్నది డాల్టన్ ముఠా. అది కూడా ఇంటిపేరే. బుచ్ క్యాసిడీ మనుషులను 'వైల్డ్ బంచ్' అన్నారు, అంటే అదుపులేని గుంపు. అది నడత మీద వచ్చిన పేరు. వయోమింగ్ కొండల్లో 'హోల్ ఇన్ ద వాల్' అని ఒక కనుమ ఉంది, గోడకు బెజ్జం అన్నట్టు. దానిలో దాక్కునేవాళ్ళకు ఆ చోటు పేరే వచ్చింది.

ఇంటిపేరు, నడత, దాక్కునే చోటు. ఈ మూడు పద్ధతుల్లో దేనిలోనూ జాతి లేదు. జెస్సీ జేమ్స్ దొంగతనం చేస్తే ఆ మచ్చ జేమ్స్ ఇంటిది. మిస్సోరీలో ఉన్న తెల్లవాళ్ళందరిదీ కాదు. పోలీసు పుస్తకంలోనూ కాదు, చిల్లర నవలలోనూ కాదు, సినిమాలోనూ కాదు.

అవే కథల్లో అక్కడి మూలవాసులు వచ్చినప్పుడు చూడండి. "అపాచీలు వస్తున్నారు" అంటారు. ఏ అపాచీ? ఏ ఊరివాడు? ఎవరి కొడుకు? ఏ తగాదా మీద వస్తున్నాడు? అడిగే తీరిక కథకు లేదు. గుర్రం మీద ఒక్కడు కనిపించినా వందమంది కనిపించినా పేరు ఒకటే. ఆ అపాచీ అనే మాట కూడా వాళ్ళు పెట్టుకున్నది కాదు. పక్క తెగవాళ్ళ భాషలో శత్రువు అనే మాట నుంచి వచ్చిందని ఎక్కువమంది చెబుతారు. వాళ్ళు తమను తాము పిలుచుకునే మాటకు అర్థం మనుషులు అని. గోండులు తమను కోయతూర్ అనుకుంటారు, బయటివాళ్ళు ఇంకొకటి అంటారు. మనకు ఈ సంగతి కొత్త కాదు.

కథ అక్కడితో ఆగలేదు. 1900 తర్వాత పారిస్ నగరంలో వీధి రౌడీలకు పత్రికలు 'అపాచీలు' అని పేరు పెట్టాయి. ఆ రౌడీలు ఫ్రాన్సువాళ్ళు, ఆ ఊరి గల్లీల్లో పుట్టినవాళ్ళు. సముద్రం అవతల తమ నేల కోసం పోరాడి ఓడిన జాతి పేరు తెచ్చి, జేబులు కొట్టేవాళ్ళ మెడలో కట్టారు. అరిజోనాలో అపాచీ నాయకుడు కొచీస్ పేరుతో 1881లో ఒక కౌంటీయే ఏర్పడింది. ఆ కౌంటీలో పశువులు దొంగిలించే తెల్లవాళ్ళ గుంపును అప్పట్లో 'కౌబాయ్స్' అనేవారు. అప్పుడు అది తిట్టు. ఇవాళ కౌబాయ్ అంటే హీరో, అపాచీ అంటే అరుస్తూ వచ్చే గుంపు. ఏ మాట కడుక్కుని పైకి వచ్చింది, ఏ మాట మురికిలోనే ఉండిపోయింది అని చూస్తే కథలు ఎవరు రాశారో తెలిసిపోతుంది.

ఇదంతా దూరపు సంగతి అనుకోవద్దు. ఇంగ్లీషువాళ్ళు దొంగల ముఠా మీద ఎగబడి చదివిన తొలి నవలల్లో ఒకటి మన హైదరాబాద్ గాలి పీల్చి పుట్టింది. ఫిలిప్ మెడోస్ టేలర్ అనే ఆయన 1824లో నిజాం సైన్యంలో చేరాడు. 1839లో ఒక ఠగ్గు తన నేరాలు ఒప్పుకున్నట్టుగా నవల అచ్చువేశాడు. అందులోని ముఠా హైదరాబాద్ కూడా వస్తుంది, చార్మినార్ కనిపిస్తుంది. మా బడి పిల్లలు రోజూ గాజుల దుకాణాల మధ్య నుంచి నడిచిపోయే చార్మినారే అది.

ఠగ్గు అంటే ఏమిటి? మోసగాడు, అంతే. ఎవరైనా కావచ్చు. సంతలో తూకం తగ్గించేవాడు కూడా ఠగ్గే. కంపెనీ దొరల కాగితాల్లో, వాళ్ళ నవలల్లో నలిగి ఆ మాట పుట్టుకతో వచ్చే నేరానికి పేరయింది. తండ్రి ఠగ్గు అయితే కొడుకూ ఠగ్గే అన్నారు. నడత మీద వచ్చిన పేరు జాతి పేరుగా మారింది. ఆ ఆలోచనే 1871లో చట్టమయింది. నేరస్థ జాతుల చట్టం కింద జాతికి జాతినే నేరస్థులుగా రాసుకున్నారు. పుట్టిన బిడ్డ కూడా ఏ తప్పూ చేయకముందే ఆ లెక్కలోకి వచ్చింది. 1911లో చట్టాన్ని మద్రాసు ప్రెసిడెన్సీకి కూడా తెచ్చారు. 1952లో దేశమంతా రద్దయింది.

బాపట్ల దగ్గరి స్టువర్టుపురం ఈ చట్టం కింద వెలిసిన ఊరు. 1910ల్లో ఎరుకల కుటుంబాలను తెచ్చి అక్కడ పెట్టారు. సాల్వేషన్ ఆర్మీ దాన్ని నడిపింది. మద్రాసు గవర్నరు సలహామండలి సభ్యుడైన హెరాల్డ్ స్టువర్ట్ పేరు ఊరికి పెట్టారు. ఎరుకలవాళ్ళు తమను తాము కుర్రు అని పిలుచుకుంటారు. వాళ్ళ పేరు వాళ్ళకు ఉండగానే లోకం ఎరుకల అంది, చట్టం నేరస్థ జాతి అంది, ఊరికి దొర పేరు తగిలించింది. చివరికి తెలుగు నాట ఆ దొర పేరే దొంగ అనే మాటకు బదులుగా వాడుకలోకి వచ్చింది.

దీన్ని వాడుకలోకి తెచ్చినవాళ్ళలో కథకులున్నారు, సినిమావాళ్ళున్నారు. 1991 ఒక్క ఏడాదిలోనే ఆ ఊరి పేరు పెట్టుకుని రెండు సినిమాలు వచ్చాయి. 'స్టువర్టుపురం పోలీస్ స్టేషన్' ఒకటి, 'స్టువర్టుపురం దొంగలు' ఇంకొకటి. మొదటిదానికి దర్శకుడు మనమంతా నవలలు చదివిన యండమూరి వీరేంద్రనాథ్. మళ్ళీ 2023లో 'టైగర్ నాగేశ్వరరావు' వచ్చింది. విడుదలకు ముందే, ఎరుకలవాళ్ళను, ఆ ఊరినీ కించపరుస్తోందని ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో పిల్ పడింది.

విమర్శగా మేము అనేది ఒకటే. నాగేశ్వరరావు అని ఒక మనిషి పేరు పెట్టుకున్న సినిమా, ఆ మనిషి చేసిన పనుల లెక్క ఆ మనిషికే రాస్తే మనకు పేచీ లేదు. జేమ్స్ ముఠా కథ జేమ్స్‌ది అయినట్టే. కానీ 'స్టువర్టుపురం దొంగలు' అన్న టైటిల్ వేరే పని చేస్తుంది. ఆ ఊళ్ళో టీచర్లున్నారు, రైతులున్నారు, కూలీలున్నారు, బడికి పోయే పిల్లలున్నారు. టైటిల్‌లో వాళ్ళందరూ ఒక్క మాటలో దొంగలయిపోయారు. ఉద్యోగం దరఖాస్తులో ఊరి పేరు రాసేటప్పుడు పెన్ను ఆగితే, ఆపింది చట్టం కాదు. చట్టం 1952లోనే పోయింది. ఆపింది పోస్టరు.

తెలుగులో కౌబాయ్ కథకు ఇంకో దారి లేకపోలేదు. 1971లో కృష్ణ, కె.ఎస్.ఆర్. దాస్ 'మోసగాళ్లకు మోసగాడు' తీశారు. మన దేశంలో తొలి కౌబాయ్ సినిమాగా దాన్ని చెప్పుకుంటారు. రాసింది ఆరుద్ర. టోపీ, తుపాకీ, గుర్రం, ఎడారి అన్నీ పడమటి నుంచి తెచ్చారు గానీ పేర్ల దగ్గర ఆరుద్ర మన భాషను నమ్ముకున్నాడు. నాగభూషణం వేసిన పాత్ర పేరు నక్కజిత్తుల నాగన్న. పేరు వినగానే మనిషి కళ్ళముందుకొస్తాడు, నవ్వూ వస్తుంది, భయమూ వస్తుంది. ఏ జాతి మీదా బురద పడదు. ఠగ్గు అనే మాటకు అసలు అర్థం మోసగాడు అనుకున్నాం కదా. తొరల నవలలు ఆ మాటను జాతికి అంటగట్టాయి. ఆరుద్ర టైటిల్‌లో మోసగాడు మళ్ళీ నడత మీద వచ్చిన పేరుగానే నిలబడ్డాడు. 2002లో మహేశ్‌బాబు వేసిన కౌబాయ్ సినిమా పేరు 'టక్కరి దొంగ'. అదీ నడతే. మన భాషకు ఈ పని చేతకాదని ఎవరూ అనలేరు.

ఇక మన రాతల సంగతి. ఆదివాసీ కథల్లో ఎరుకల ముఠా అనో, పార్ధీ ముఠా అనో ఎవరూ రాయడం లేదు. సంతోషం. కానీ అడవిలో టేకు నరికించే ముఠా, వడ్డీ వసూలుకు కర్రలతో వచ్చే ముఠా, పిల్లలను ఎత్తుకుపోయే ముఠా వచ్చినప్పుడు 'రోహిల్లా దండు', 'అరబ్బుల గుంపు', 'పాతబస్తీ గ్యాంగ్' అనే పేర్లు కొన్ని కథల్లో కనబడుతున్నాయి. నిజాం కాలంలో రోహిల్లాలు, అరబ్బులు వడ్డీ వసూళ్ళకు వచ్చారు, నిజమే. మన తాతలు దెబ్బలు తిన్నారు, అదీ నిజమే. అయినా ఆ పేరు ముఠాకు పెడితే ఎవరి మీద పడుతుందో చూడాలి. బార్కస్ అనే బస్తీ పేరు సిపాయిల బ్యారక్‌ల నుంచి వచ్చింది. నిజాం కొలువుకు వచ్చిన అరబ్బు సిపాయిల మునిమనవళ్ళు ఇవాళ అక్కడ జామకాయలు అమ్ముతారు, ఆటోలు నడుపుతారు, పిల్లలను బడికి పంపుతారు.

పైగా చరిత్ర కూడా ఆ పేరుకు ఒప్పుకోదు. నిర్మల్ ప్రాంతంలో రాంజీ గోండు లేచినప్పుడు పక్కన నిలబడి పోరాడినవాళ్ళలో రోహిల్లాలున్నారు. 1860లో అక్కడి మర్రిచెట్టుకు వాళ్ళందరినీ కలిపే ఉరితీశారని మనం చెప్పుకుంటాం. దాన్ని వెయ్యి ఉరుల మర్రి అంటాం. ఆ ఉరితాళ్ళు గోండు మెడ, రోహిల్లా మెడ అని వేరు చూడలేదు. సర్కారుకు ఇద్దరూ దోపిడీగాళ్ళే.

హైదరాబాద్‌లో ఇంకో పేరు సంగతి కూడా ఉంది. 1857 జూలై 17న తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ మనుషులను వెంటేసుకుని కోఠీలోని బ్రిటిష్ రెసిడెన్సీ మీద దాడిచేశారు. తుర్రెబాజ్ ఖాన్ పట్టుబడ్డాడు, తప్పించుకున్నాడు, 1859లో తూప్రాన్ దగ్గర చంపారు. శవాన్ని నగరంలో అందరూ చూసేలా వేలాడదీశారు. "నువ్వేమన్నా పెద్ద తుర్రం ఖాన్‌వా" అని మనం వాడే మాట ఆయన నుంచే వచ్చిందని ఈ నగరంలో చెప్పుకుంటారు. ధైర్యస్తుడి పేరు వెక్కిరింతలో మిగిలింది. మా తరగతిలో పిల్లలు రోజుకు పదిసార్లు ఆ మాట అంటారు. ఆయన ఎవరో చెప్పిన రోజు, అదే మాట కొంచెం వేరే గొంతుతో అన్నారు.

ఇక్కడ ఒక ప్రశ్న వస్తుంది. "కథ నిజంలా ఉండాలి కదా సార్, పోలీసులు, పేపరువాళ్ళు అట్లాగే పిలుస్తారు కదా, మేము మార్చి రాస్తే అబద్ధం కాదా?" న్యాయమైన ప్రశ్నే. జవాబు ఏమిటంటే, పిలిచేవాడి నోట్లో ఆ మాట ఉంచండి. కథ చెప్పేవాడి నోట్లో ఉంచకండి. దారోగా "వీళ్ళంతా ఫలానా జాతి దొంగలు" అన్నాడనుకోండి, అది దారోగా ఎట్లాంటివాడో చెబుతుంది. అదే మాట రచయిత తన వాక్యంలో రాస్తే, కథ టైటిల్‌గా పెడితే, అది నిజమని పుస్తకమే సాక్ష్యం చెప్పినట్టు.

నిజానికి ఏ ముఠాకైనా ఒక్క పేరు ఉండదు. తమలో తాము ఒకటి అనుకుంటారు. దెబ్బతిన్న ఊరు ఒకటి అంటుంది. పోలీసు రిజిస్టరు ఒకటి రాస్తుంది. పేపరు ఇంకొకటి వేస్తుంది. 'చెడ్డీ గ్యాంగ్' అనేది పేపర్లలో తిరిగిన పేరు. ఏ దొంగ అయినా తన గుంపుకు ఆ పేరు పెట్టుకుంటాడా? ఈ పేర్ల మధ్య తేడాలోనే సగం కథ ఉంది. ఊరివాళ్ళు వణుకుతూ పలికే పేరు, నాయకుడు గర్వంగా చెప్పుకునే పేరు, రైటరు ఆవలిస్తూ రాసిన పేరు వేరువేరుగా ఉంటే, పాఠకుడికి ముఠా మూడు వైపుల నుంచి కనబడుతుంది.

పేరు ఎట్లా కట్టాలో ఒక ఉదాహరణ చెబుతాం. రాత్రిపూట లాంతరు లేకుండా బండ్లు తోలుకొచ్చి సంత సరుకు ఎత్తుకుపోయే గుంపు ఉందనుకుందాం. ఊరివాళ్ళు 'చీకటి బండోళ్ళు' అంటారు. ముసలమ్మ ఆ పేరు పలకకుండా 'వాళ్ళు' అని ఊరుకుంటుంది. రిజిస్టరులో 'సంత కేసు ముద్దాయిలు' అని ఉంటుంది. నాయకుడు తన మనుషులను 'మన ఇల్లు' అంటాడు. నాలుగు పేర్లూ మన నోటి మాటలే. ఏ జాతిదీ కాదు, ఏ బస్తీదీ కాదు. నాయకుడికి మాత్రం సొంత పేరు, అమ్మ, ఊరు, ఒక కోపం ఇవ్వండి. చేసిన పనికి ఆ ఒక్కడే జవాబు చెబుతాడు. కథ అమెరికాలో నడిచినా ఇదే లెక్క. అన్నదమ్ముల ఇంటిపేరు పెట్టండి, లేని కొండకు పేరు పెట్టి ఆ కొండ పేరు పెట్టండి. అపాచీ అనో, కోమాంచీ అనో ముఠాకు పెట్టకండి. వాళ్ళు మనకు దూరపు చుట్టాలు.

ఒక పరీక్ష కూడా ఉంది, టీచర్లం కాబట్టి పరీక్ష పెట్టకుండా ఉండలేం. మీ ముఠాకు పెట్టిన పేరు హాజరుపట్టీలో ఎవరి జాతిదో, ఎవరి ఊరిదో అయి ఉంటుందా అని చూడండి. ఆ బిడ్డ మూడో వరుసలో కూర్చుని ఉండగా ఆ కథ గట్టిగా చదవగలరా? పాతబస్తీ బడుల్లో అన్ని వరుసల్లోనూ అట్లాంటి పిల్లలున్నారు. డేరాల నుంచి వచ్చేవాళ్ళు, ఇటుకబట్టీల నుంచి వచ్చేవాళ్ళు, పండగకు ఊరికి పోయి నెల తర్వాత తిరిగొచ్చేవాళ్ళు. ఒకసారి దొంగా పోలీసు ఆటలో పిల్లలు దొంగను ఎంచుకోవడానికి పంటలు కూడా వేయలేదు. ఒకబ్బాయిని చూపించి "వీడు పార్ధీ గ్యాంగ్, వీడే దొంగ" అన్నారు. వాళ్ళకు ఆ పేరు నేర్పింది పేపరు హెడ్డింగు. ఆ అబ్బాయి ఏమీ అనలేదు, పరుగెత్తాడు. దొంగ పరుగెత్తాలి కదా, ఆటలో.

తర్వాతి సంకలనానికి సాహస కథలు పంపేవాళ్ళు ఎన్ని గుర్రాలైనా పెట్టండి, ఎంత బంగారమైనా దాచండి. ముఠా పేరు దగ్గర మాత్రం ఒక పూట ఆగండి. కథను మీ ఊళ్ళో ఎవరికైనా చదివి వినిపించి, ఆ పేరు వినగానే వాళ్ళకు ఎవరు గుర్తొచ్చారో అడగండి. కథలోని మనిషి గుర్తొస్తే పంపండి. బయట బతికున్న మనుషులు గుర్తొస్తే పేరు మార్చి పంపండి.